సొంత వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కి డిపెండెన్సీ ఇంజెక్షన్ జోడించడం ఎలా

మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్‌కి ఆర్డర్ల యాప్ ఉందనుకుందాం. చుట్టుపక్కల పీజీల్లో ఉండేవాళ్ళు ఫోన్‌లోనే మధ్యాహ్నం భోజనం బుక్ చేసి, యూపీఐలో డబ్బు కడతారు. ఆర్డర్ అందిందని ఎస్సెమ్మెస్ వెళ్తుంది. వెనకాల పైథాన్‌లో మీ టీమ్ రాసుకున్న చిన్న ఏఎస్‌జీఐ (అసింక్ వెబ్ సర్వర్‌కీ యాప్‌కీ మధ్య ఉండే పైథాన్ ప్రమాణం) ఫ్రేమ్‌వర్క్ నడుస్తోంది. అందులో రూటింగ్, మిడిల్‌వేర్, ఒక్కో రిక్వెస్ట్‌కి జవాబు తయారుచేసే హ్యాండ్లర్లు ఉన్నాయి. డేటాబేస్, పేమెంట్ క్లయింట్, ఎస్సెమ్మెస్ క్లయింట్ అన్నీ ఏదో ఒక ఫైలు పైభాగంలో పుట్టి, ఇంపోర్టుల మీద ఊరంతా తిరుగుతున్న గ్లోబల్స్. ఆర్డర్ హ్యాండ్లర్‌కి ఒక టెస్ట్ రాయాలంటే నాలుగు చోట్ల మంకీ ప్యాచ్ చేయాలి, అంటే నడుస్తుండగా అసలుదాని స్థానంలో నకిలీది పెట్టాలి.

దీనికి డిపెండెన్సీ ఇంజెక్షన్, అంటే కోడ్ తనకి కావాల్సిన వస్తువులను తనే తయారుచేసుకోకుండా బయటనుంచి అందుకునే పద్ధతి, ఎలా అమర్చాలో వరసగా చూద్దాం. ముందే ఒక మాట: ఆ వస్తువులను తయారుచేసి అందించే కంటైనర్ రాయడం పెద్ద పనేం కాదు, రెండు మూడు వందల లైన్లలో అయిపోతుంది. ఏ వస్తువు ఎప్పుడు పుట్టాలి, ఎప్పుడు పోవాలి, ఎవరు మూయాలి అన్న దగ్గరే అందరూ దెబ్బతింటారు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

అసలు కావాలా?

హ్యాండ్లర్లు పది పదిహేను దాటకపోతే కంటైనర్ వద్దు. మెయిన్ ఫైల్లో వస్తువులన్నీ ఒకచోట తయారుచేసి, హ్యాండ్లర్ క్లాసుల కన్‌స్ట్రక్టర్లకి చేత్తో అందించండి. అది కూడా డిపెండెన్సీ ఇంజెక్షనే. ఫాస్ట్‌ఏపీఐ వాడుతుంటే దాని సొంత ఇంజెక్షన్ పద్ధతి డిపెండ్స్ ఎటూ ఉంది, దాని మీద ఇంకో కంటైనర్ పెట్టుకుంటే తలనొప్పి రెండింతలవుతుంది. ఫ్లాస్క్ మీద గానీ, వట్టి ఏఎస్‌జీఐ మీద గానీ కట్టుకున్న సొంత ఫ్రేమ్‌వర్క్‌లో హ్యాండ్లర్లు వందల్లోకి వెళ్ళినప్పుడే ఈ పనికి అర్థం ఉంటుంది.

1. దాక్కున్న వస్తువులను బయటికి లాగండి

ఫ్రేమ్‌వర్క్ జోలికి వెళ్ళకముందు యాప్ కోడంతా వెతికి, మాడ్యూల్ స్థాయిలో పుడుతున్న ప్రతి ఆబ్జెక్టునీ ఒక పట్టికలో రాయండి. పేరు, ఎవరు తయారుచేస్తున్నారు, ఎంతసేపు బతకాలి, మూయాల్సిన పని ఉందా అని నాలుగు గడులు చాలు. డేటాబేస్, క్లయింట్లు అందరికీ గుర్తొస్తాయి. గడియారం, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, రాండమ్ నంబర్లు మర్చిపోతారు. మెస్ యాప్‌లో మధ్యాహ్నం రెండు తర్వాత ఆర్డర్ తీసుకోకూడదన్న నియమం ఉంటే, ఆ కోడ్ నేరుగా డేట్‌టైమ్ నౌని పిలుస్తున్నంత కాలం దాని టెస్ట్ పొద్దున పాసై సాయంత్రం ఫెయిలవుతుంది. గడియారం కూడా బయటనుంచే రావాలి.

తర్వాత సర్వీసు క్లాసులను ఒక్కొక్కటే కన్‌స్ట్రక్టర్‌లో పారామీటర్లు తీసుకునేలా మార్చండి. టైప్ హింట్లు తప్పకుండా రాయండి, ముందు ముందు కంటైనర్ చదివేది వాటినే. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ నుంచి వచ్చినవాళ్ళకి ఫీల్డులోకి నేరుగా ఇంజెక్ట్ చేసే అలవాటు ఉంటుంది. ఇక్కడ దాన్ని రానివ్వకండి. కన్‌స్ట్రక్టర్‌లో పారామీటర్లు తొమ్మిదైతే ఆ క్లాస్ మరీ ఎక్కువ పని నెత్తిన వేసుకుందని చూడగానే తెలుస్తుంది. ఫీల్డుల్లో ఇంజెక్ట్ చేస్తే ఆ సంగతి ఎవరి కంటా పడదు.

2. రిజిస్ట్రీ

ఇదొక డిక్షనరీ. కీ టైప్, విలువ చిన్న రికార్డు. ఆ రికార్డులో తయారుచేసే ఫంక్షన్, ఆయుష్షు, మూసే పద్ధతి ఉంటాయి. స్ట్రింగులను కీలుగా పెట్టకండి. ఒక అక్షరం తప్పితే రన్‌టైమ్ దాకా తెలీదు, పైగా ఎడిటర్‌లో క్లిక్ చేసి నిర్వచనం దగ్గరికి వెళ్ళలేరు.

మూడు నియమాలు మొదట్లోనే పెట్టుకోండి. ఒకే టైప్‌ని రెండుసార్లు రిజిస్టర్ చేస్తే ఎర్రర్ రావాలి. తర్వాతది ముందుదాన్ని చప్పుడు చేయకుండా తుడిచేస్తే, ఇంపోర్టుల వరస మారిన రోజున ప్రొడక్షన్‌లో వేరే క్లయింట్ పనిచేస్తుంటుంది. స్ట్రింగ్, ఇంటీజర్ లాంటి మామూలు టైపులను రిజిస్టర్ చేయనివ్వకండి, సెట్టింగులన్నీ ఒక సెట్టింగ్స్ క్లాసులో చుట్టి ఇవ్వండి. ఒకే టైప్ రెండు రకాలుగా కావాల్సి వస్తే, ఉదాహరణకి అసలు డేటాబేస్ ఒకటి, చదవడానికి మాత్రమే రెప్లికా ఒకటి ఉంటే, ఒక ఖాళీ సబ్‌క్లాస్ రాసి దాన్ని కీగా వాడండి. టైప్ హింట్‌కి గుర్తులు తగిలించే యానొటేటెడ్‌తోనూ చేయొచ్చు గానీ సబ్‌క్లాస్ చదవడానికి తేలిక.

3. రిజాల్వ్ చేయడం

అడిగిన టైప్‌కి రికార్డు వెతకాలి, తయారుచేసే ఫంక్షన్ సిగ్నేచర్ చదవాలి, ప్రతి పారామీటర్‌కీ మళ్ళీ ఇదే పని చేయాలి, అన్నీ చేతికొచ్చాక ఫంక్షన్‌ని పిలవాలి. లాజిక్ ఇంతే. సిగ్నేచర్ చదవడం దగ్గరే పైథాన్ సతాయిస్తుంది.

ఫైలు మొదట్లో ఫ్యూచర్ నుంచి యానొటేషన్స్ ఇంపోర్ట్ చేసి ఉంటే టైప్ హింట్లన్నీ వట్టి స్ట్రింగులుగా వస్తాయి. ఇన్‌స్పెక్ట్ సిగ్నేచర్‌ని మామూలుగా పిలిచి ఆగితే మీ చేతికొచ్చేది ఆర్డర్‌స్టోర్ అనే క్లాస్ కాదు, ఆ పేరున్న స్ట్రింగ్. టైపింగ్ మాడ్యూల్‌లోని గెట్ టైప్ హింట్స్ వాడండి. యానొటేటెడ్ వాడేవాళ్ళు దానికి ఇన్‌క్లూడ్ ఎక్‌స్ట్రాస్ ట్రూ అని కూడా ఇవ్వాలి, లేకపోతే మీరు పెట్టిన గుర్తులన్నీ ఊడిపోయి వస్తాయి. టైప్ చెకింగ్ బ్లాక్ లోపల మాత్రమే ఇంపోర్ట్ చేసిన క్లాసులకి ఇదీ నేమ్ ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే రన్‌టైమ్‌లో ఆ పేరు అసలు లేదు. పైథాన్ 3.14లో యానొటేషన్లను అడిగినప్పుడే లెక్కగట్టే పద్ధతి వచ్చింది గానీ ఈ ఒక్క బాధ దానితో తీరదు. ఆ ఎర్రర్‌ని పట్టుకుని, ఫలానా ఫైల్లో ఫలానా ఇంపోర్ట్‌ని బ్లాక్ బయటికి తెమ్మని మీ మెసేజ్‌లో చెప్పండి.

ఇంకో ఉచ్చు డెకరేటర్లు. ఫంక్‌టూల్స్ ర్యాప్స్ పెట్టకుండా రాసిన లాగిన్ డెకరేటర్ ఒక్కటి ఉంటే చాలు, హ్యాండ్లర్ అసలు సిగ్నేచర్ మాయమై స్టార్ ఆర్గ్స్ మాత్రం మిగులుతుంది. ఫంక్‌టూల్స్ పార్షియల్ ఆబ్జెక్టులకి గెట్ టైప్ హింట్స్ టైప్ ఎర్రర్ ఇస్తుంది, లోపలి ఫంక్షన్‌ని బయటికి తీసి చదవాలి.

చక్రాలు పట్టుకోవడానికి, ఇప్పుడు ఏ ఏ టైపులు తయారీలో ఉన్నాయో ఒక జాబితా వెంట తీసుకెళ్ళండి. కొత్తగా అడిగింది అందులో అప్పటికే ఉంటే ఎర్రర్ ఇవ్వండి, దారి మొత్తం చూపించండి. ఆర్డర్‌సర్వీస్‌కి నోటిఫయర్ కావాలి, నోటిఫయర్‌కి ఆర్డర్‌సర్వీస్ కావాలి అని మెసేజ్‌లోనే కనబడితే సరిచేయడం ఐదు నిమిషాల పని. చూపించకపోతే రికర్షన్ ఎర్రర్‌తో వెయ్యి లైన్ల ట్రేస్‌బ్యాక్ వస్తుంది. చక్రాన్ని తెలివిగా దాటించే ప్రాక్సీల జోలికి పోవద్దు. ఏళ్ళ తరబడి వాటిని ఓర్చుకున్న స్ప్రింగ్ బూట్ కూడా 2021లో వచ్చిన 2.6 నుంచి చక్రాలను డీఫాల్ట్‌గా నిషేధించింది.

4. ఆయుష్షు

మూడు రకాలు చాలు. సింగిల్టన్ యాప్ ఉన్నంతసేపు ఒక్కటే ఉంటుంది. స్కోప్డ్ రిక్వెస్ట్‌కి ఒకటి. ట్రాన్సియెంట్ అడిగిన ప్రతిసారీ కొత్తది. మెస్‌లో గ్రైండర్ సింగిల్టన్, మనిషికొక ఆకు స్కోప్డ్. డేటాబేస్ కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచుకుని పంచుకునే కనెక్షన్ల గుంపు), పేమెంట్ క్లయింట్, సెట్టింగ్స్ సింగిల్టన్లు. డేటాబేస్ సెషన్, లాగిన్ అయిన యూజర్ స్కోప్డ్. ఎటూ తేలకపోతే స్కోప్డ్‌గా పెట్టండి, తప్పైనా నష్టం తక్కువ.

దీనికి ఒకటే చట్టం: ఎక్కువ కాలం బతికేది తక్కువ కాలం బతికేదాన్ని పట్టుకోకూడదు. సింగిల్టన్ అయిన ఆర్డర్‌సర్వీస్ కన్‌స్ట్రక్టర్‌లో స్కోప్డ్ సెషన్ తీసుకుంటే, మొదటి రిక్వెస్ట్ సెషనే చివరిదాకా దానితో ఉండిపోతుంది. రెండో రిక్వెస్ట్ నుంచి మూసేసిన సెషన్ అని ఎర్రర్ వస్తే అదృష్టవంతులు. ఎర్రర్ రాకపోతే ఒకరి ఆర్డర్ ఇంకొకరి ట్రాన్సాక్షన్‌లో కలుస్తుంది. ఈ తనిఖీలో చాలామంది పక్కపక్క రెండింటినే పోల్చి వదిలేస్తారు. సింగిల్టన్ ఒక ట్రాన్సియెంట్‌ని అడిగి, ఆ ట్రాన్సియెంట్ స్కోప్డ్‌ని అడిగినా తప్పు తప్పే, కాబట్టి ప్రతి సింగిల్టన్ నుంచీ అడుగుదాకా నడిచి చూడాలి. డాట్‌నెట్‌లో ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ ఇలాంటి స్కోప్ తనిఖీని డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లో దానంతట అదే చేస్తుంది. మీరు అన్ని ఎన్విరాన్‌మెంట్లలో చేయండి, స్టార్టప్‌లో ఒక్కసారే కదా.

తప్పు దొరికితే పరిష్కారం ఏంటంటే, సర్వీసుని స్కోప్డ్‌గా మార్చడం, లేదా సెషన్‌ని కన్‌స్ట్రక్టర్ నుంచి తీసేసి మెథడ్ పారామీటర్‌గా ఇవ్వడం.

సింగిల్టన్లు మొదటిసారి అడిగినప్పుడు పుట్టేలా రాస్తే లాక్ కావాలి. తయారీలో ఎవెయిట్ ఉంటే రెండు రిక్వెస్టులు ఒకేసారి లోపలికొచ్చి రెండు పూల్స్ కట్టేస్తాయి. పోనీ ఒకే అసింక్ఐఓ లాక్ పెడదామంటే అది రీఎంట్రంట్ కాదు. ఒక సింగిల్టన్ తయారవుతూ ఇంకో సింగిల్టన్‌ని అడిగితే తన లాక్ కోసం తనే ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. ఈ గొడవంతా లేకుండా, స్టార్టప్‌లోనే డిపెండెన్సీల వరసలో సింగిల్టన్లన్నీ కట్టేయండి. పేమెంట్ కీ లేకపోతే డిప్లాయ్ అప్పుడే ఆగిపోతుంది, పన్నెండున్నరకి కస్టమర్ బటన్ నొక్కినప్పుడు కాదు.

5. రిక్వెస్ట్ స్కోప్

ముందు పేరు సంగతి. ఏఎస్‌జీఐలో ప్రతి రిక్వెస్ట్‌తో వచ్చే డిక్షనరీ పేరు కూడా స్కోపే. మీదానికీ అదే పేరు పెడితే కోడ్ రివ్యూలో ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలీదు. రిక్వెస్ట్ కంటైనర్ అనండి.

అన్ని మిడిల్‌వేర్‌లకీ బయట, ఒకేచోట దాన్ని తెరిచి, ఫైనల్లీలో మూయండి. లోపల ఒక అసింక్ ఎగ్జిట్ స్టాక్ ఉంచితే, మూయాల్సిన ప్రతి వస్తువూ పుట్టిన వెంటనే అందులో చేరి, చివర్లో వెనక నుంచి ముందుకి వరసగా మూతపడుతుంది. ఈ వరస ముఖ్యం. రిపాజిటరీ చివర్లో ఏదైనా రాయాలనుకుంటే అప్పటికి సెషన్ బతికే ఉండాలి. మూసేటప్పుడు ఒకదాంట్లో ఎర్రర్ వచ్చినా మిగతావి మూతపడాలి, ఎగ్జిట్ స్టాక్ అది చూసుకుంటుంది.

రిక్వెస్ట్ కంటైనర్‌ని ఎక్కడ ఉంచాలి? థ్రెడ్ లోకల్‌లో మాత్రం వద్దు. అసింక్ సర్వర్‌లో ఒకే థ్రెడ్ మీద వందల రిక్వెస్టులు నడుస్తుంటాయి కాబట్టి ఒకరిది ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఒక్కో అసింక్ టాస్క్‌కీ విడి విలువ ఉంచే కాంటెక్స్ట్‌వార్స్ పనికొస్తాయి. అయితే రన్ ఇన్ ఎగ్జిక్యూటర్ వాటిని వేరే థ్రెడ్‌కి మోసుకెళ్ళదు, అసింక్ఐఓ టు థ్రెడ్ మోసుకెళ్తుంది. ఈ తేడాలన్నీ ఎవరికి గుర్తుంటాయి? రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ మీదే తగిలించేయండి, కంటికి కనబడుతుంది.

మూయడం మర్చిపోతే ఏమవుతుందో మెస్ యాప్‌లో చూడండి. డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో క్యూ పూల్ డీఫాల్ట్ సైజు 5, దానిపైన అదనంగా ఓవర్‌ఫ్లో 10, వేచి ఉండే గడువు 30 సెకన్లు. ఏదో ఒక ఎర్రర్ దారిలో సెషన్ మూతపడట్లేదనుకోండి. పొద్దున్నంతా ఒకటీ అరా ఆర్డర్లు, ఏ తేడా కనబడదు. పన్నెండు దాటాక ఆ ఎర్రర్ పదిహేనుసార్లు వచ్చేసరికి 15 కనెక్షన్లూ చిక్కుకుపోతాయి. పదహారో మనిషి స్క్రీన్ 30 సెకన్లు తిరిగి టైమవుట్‌తో ఆగుతుంది. రీస్టార్ట్ చేస్తే బాగైపోతుంది, మర్నాడు మళ్ళీ అదే వేళకి పడుకుంటుంది. పూల్ సైజు పెంచితే పడుకునే వేళ కాస్త వెనక్కి జరుగుతుందంతే. చాలా యాప్‌లలో లంచ్ టైమ్ సర్వర్ సమస్య అని పేరుపడ్డది ఇదే.

కమిట్‌ని మూసేచోట పెట్టకండి. చూడ్డానికి చక్కగా ఉంటుంది: హ్యాండ్లర్ బాగా ముగిస్తే కమిట్, ఎర్రర్ వస్తే రోల్‌బ్యాక్. కానీ మూసే సమయానికి రెస్పాన్స్ వెళ్ళిపోయి ఉంటే, ఆ కమిట్ ఫెయిలైనా కస్టమర్‌కి అంతా బాగుందన్న 200 కోడ్ అందేసింది. ఆర్డర్ అందిందని ఫోన్‌లో ఉంటుంది, టేబుల్లో ఆ వరసే ఉండదు, ఆయన డబ్బాతో వచ్చి కౌంటర్ దగ్గర నిలబడతాడు. కమిట్ సర్వీసులో, రెస్పాన్స్ తయారయ్యే ముందే జరగాలి. మూసేచోట కనెక్షన్ వదలడం మాత్రమే ఉండాలి.

అలాగని హ్యాండ్లర్ రిటర్న్ అవగానే మూసేయొచ్చా అంటే, స్ట్రీమింగ్ రెస్పాన్స్ ఉన్నప్పుడు కుదరదు. నెల ఆర్డర్ల సీఎస్‌వీ డౌన్‌లోడ్‌లో హ్యాండ్లర్ ముందే రిటర్న్ అయిపోతుంది, వరసలు ఆ తర్వాత డేటాబేస్ నుంచి వస్తుంటాయి. బాడీ చివరి ముక్క వెళ్ళాకే మూయాలి. ఫాస్ట్‌ఏపీఐ కూడా ఈ విషయంలో 0.106లో ఒకవైపు మారి, 0.118లో మళ్ళీ వెనక్కి వచ్చింది, కాబట్టి ఇది తేలిక ప్రశ్నేం కాదు.

బ్యాక్‌గ్రౌండ్ పనులకి రిక్వెస్ట్ సెషన్ ఇవ్వకండి, ఆర్డర్ నంబర్ ఇచ్చి, వాటి రిక్వెస్ట్ కంటైనర్‌ని అవే తెరుచుకునేలా చేయండి. వెబ్‌సాకెట్ గంటల తరబడి తెరిచి ఉంటుంది, అక్కడ కనెక్షన్‌కి ఒకటి కాకుండా మెసేజ్‌కి ఒకటి తెరవండి. మూయాల్సిన పని ఉన్న ట్రాన్సియెంట్లను పైనున్న అసలు కంటైనర్ నుంచి అడగనివ్వకండి. అవి మూతపడేది యాప్ ఆగినప్పుడే, అప్పటిదాకా మెమరీలో పేరుకుంటూనే ఉంటాయి.

6. హ్యాండ్లర్‌కి అందించడం

హ్యాండ్లర్ పారామీటర్లు అన్నీ ఒకచోటి నుంచి రావు. కొన్ని యూఆర్ఎల్ దారి నుంచి, కొన్ని క్వెరీ నుంచి, ఒకటి బాడీ నుంచి, మిగతావి కంటైనర్ నుంచి. వరస ఇలా పెట్టండి: దారిలో ఆ పేరుంటే దారి నుంచే, లేకపోతే టైప్ కంటైనర్‌లో ఉంటే కంటైనర్ నుంచి, అదీ లేకపోతే క్వెరీ లేదా బాడీ. రెండుచోట్లా సరిపోయే పారామీటర్ కనబడితే ఊహించకండి, రూట్ రిజిస్టర్ చేసేటప్పుడే ఎర్రర్ ఇచ్చేయండి. ఈ లెక్కంతా రూట్‌కి ఒక్కసారే వేసి ప్లాన్‌గా దాచుకోవాలి. ప్రతి రిక్వెస్ట్‌కీ సిగ్నేచర్ చదివితే అనవసరంగా నెమ్మదిస్తుంది.

టైప్ హింట్ లేకుండా ఒకే పారామీటర్ ఉన్న హ్యాండ్లర్ వస్తే పాతకాలపు పద్ధతి అనుకుని రిక్వెస్ట్ మాత్రమే ఇవ్వండి. పాత హ్యాండ్లర్లన్నీ ఒక్కరోజులో ఎవరూ మార్చలేరు.

కంటైనర్‌నే పారామీటర్‌గా అడిగే హ్యాండ్లర్‌ని మాత్రం ఒప్పుకోవద్దు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు, ఆరు నెలల్లో గ్లోబల్స్ పోయి వాటి స్థానంలో కంటైనర్ అనే ఒక పెద్ద గ్లోబల్ కూర్చుంటుంది. తయారుచేసే ఫంక్షన్లకీ ఇదే మాట. వాటికి కావాల్సినవి టైప్ హింట్లున్న పారామీటర్లుగానే రావాలి, లేకపోతే కింది తనిఖీకి అవి కనబడవు.

7. స్టార్టప్ తనిఖీ

అన్నీ రిజిస్టర్ అయ్యాక బిల్డ్ అనే ఒక అడుగు పెట్టండి. అక్కడితో రిజిస్ట్రీకి తాళం, ఆ తర్వాత కొత్తవి చేరవు. ఆబ్జెక్టులేవీ తయారుచేయకుండానే ప్రతి రూట్ నుంచీ గ్రాఫ్ అంతా నడిచి, రిజిస్టర్ కానివి, చక్రాలు, ఆయుష్షు తప్పులు ఏరండి. మొదటి తప్పు దగ్గర ఆగకుండా అన్నీ పోగేసి ఒకేసారి చూపించండి. మెసేజ్ ఇలా ఉంటే చాలు: ఆర్డర్ పెట్టే హ్యాండ్లర్‌కి ఆర్డర్‌సర్వీస్ కావాలి, దానికి పేమెంట్‌క్లయింట్ కావాలి, పేమెంట్‌క్లయింట్ రిజిస్టర్ కాలేదు, బిల్లింగ్ మాడ్యూల్ రిజిస్ట్రేషన్ ఫైల్ చూడండి.

ఐచ్ఛికం అని హింట్ ఉన్న పారామీటర్ విషయంలో కఠినంగా ఉండండి. డీఫాల్ట్ విలువ రాసి ఉంటేనే నన్ (పైథాన్‌లో ఏమీ లేదన్న విలువ) ఇవ్వండి. లేదంటే రిజిస్టర్ చేయడం మర్చిపోయిన ఎస్సెమ్మెస్ క్లయింట్ స్థానంలో నన్ వెళ్ళి, మెసేజులు ఆగిపోయాయని ఎవరో ఫోన్ చేసేదాకా తెలీదు. ఈ తనిఖీకి డేటాబేస్ అక్కర్లేదు కాబట్టి సీఐలో, అంటే కోడ్ మారిన ప్రతిసారీ దానంతటదే నడిచే తనిఖీల్లో, మొదటి అడుగుగా పెట్టొచ్చు.

8. టెస్టులు

ఓవర్‌రైడ్ అనే మెథడ్ ఇవ్వండి, అది విత్ బ్లాక్‌లో మాత్రమే పనిచేయాలి, బయటికి రాగానే పాతది తిరిగి రావాలి. విత్ లేకుండా పెట్టనిస్తే ఒక టెస్ట్ పెట్టిన నకిలీ పేమెంట్ క్లయింట్ తర్వాతి టెస్టులోకి జారుతుంది. అప్పుడు విడిగా నడిపితే ఫెయిలయ్యే టెస్ట్, అన్నీ కలిపి నడిపితే పాసవుతుంది.

ఇంకొకటి. ఆర్డర్‌సర్వీస్ సింగిల్టన్‌గా అప్పటికే కట్టి ఉంటే అది అసలు పేమెంట్ క్లయింట్‌ని పట్టుకుని ఉంటుంది, మీరు తర్వాత ఓవర్‌రైడ్ చేసినా దానికి తెలీదు. అందుకే ఓవర్‌రైడ్‌లు పెట్టాకే బిల్డ్ చేయాలి, టెస్ట్‌కొక కంటైనర్ కట్టాలి. తాళం వేసిన కంటైనర్ మీద ఓవర్‌రైడ్ పిలిస్తే ఎర్రర్ ఇవ్వండి.

9. పాత కోడ్‌ని తేవడం

ఒక మాడ్యూల్‌తో మొదలుపెట్టండి. టెస్ట్ చేయడం కష్టమైనదాన్ని ఎంచుకోండి, ఇక్కడైతే ఆర్డర్లు. పాత గ్లోబల్ ఉండాల్సిన చోట ఉంచి, రిజిస్ట్రేషన్‌లో తయారుచేసే ఫంక్షన్ దాన్నే తిరిగి ఇచ్చేలా చేస్తే, పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ ఒకే పూల్ అందుతుంది. ఇది మర్చిపోయి రెండు పూల్స్ నడిపితే కనెక్షన్లు రెట్టింపవుతాయి, పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ పరిమితి 100 మాత్రమే, నాలుగు వర్కర్లు ఒక్కొక్కరు రెండు పూల్స్‌తో 15 చొప్పున తీసుకుంటే 120 అవుతుంది. ఈ దశలో ఆ పూల్‌ని మూసే బాధ్యత పాత షట్‌డౌన్ కోడ్‌దే, కంటైనర్ రికార్డులో మూసే పద్ధతి గడి ఖాళీగా వదలండి. గ్లోబల్‌ని ఇంపోర్ట్ చేసే చివరి ఫైలు కూడా పోయాక పూల్ తయారీని కంటైనర్‌కి అప్పజెప్పి, ఆ గడి నింపి, పాత షట్‌డౌన్ లైన్ అదే కమిట్‌లో తీసేయండి. రెండూ మిగిలితే పూల్‌ని రెండుసార్లు మూయడానికి పోయి, ప్రతి డిప్లాయ్‌లో లాగ్‌లోకి ఒక ఎర్రర్ రావొచ్చు.